ఉతై అవతలి పొలంలో సింహాచలం బాబాయి చూసిన గెలాక్సీ

మా ఇంట్లో ఎవరూ చూడనిదేదైనా ఒకటి నాకు చూపించమ్మా అని సింహాచలం బాబాయి అడిగారు. ఈ ప్రయాణానికి మూలం ఆ ఒక్క మాటే. ఏప్రిల్ చివర్లో ఓ సాయంత్రం స్మృతి నగర్‌లో మా వరండాలో కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని అడిగారు. నా దగ్గర ఐదంగుళాల టెలిస్కోపు ఉందనీ, సెలవుల్లో దాన్ని డాబా మీదికెక్కించి ఆకాశం చూస్తుంటాననీ మా వీధిలో అందరికీ తెలుసు. చంద్రుణ్ణి చూపిస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. చంద్రుడైతే అందరూ చూసిందేనట, తాను ఒకటి చెబితే ఇంకొకరు కాదంటారట.

బాబాయి నాకు రక్తసంబంధం కాదు. ఆయనా మా నాన్నా విజయనగరం వైపు నుంచి ఒకే ఏడాది భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరారు, సెక్టార్ క్వార్టర్లలో పక్కపక్క ఇళ్లలో ఉన్నారు. నాన్న కోక్ ఓవెన్లలో, ఆయన బ్లాస్ట్ ఫర్నేసులో. ఆయన రిటైరై ఎనిమిదేళ్లయింది. రెండేళ్లుగా రెండు కళ్లలోనూ నడిమధ్య చూపు పోతోంది. చుట్టూ కనిపిస్తుంది, సూటిగా చూసిన చోట మాత్రం బూడిదరంగు మచ్చ ఉంటుంది. వయసుతో వచ్చేదేననీ, మందు లేని రకమనీ డాక్టరు చెప్పారు. ఆ సంగతి ఆయన చాలాకాలం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దుర్గ్ స్టేషన్‌లో విశాఖ బండి ఎక్కుతూ బోగీ నెంబరు తప్పు చదివి, పిన్నిని సామానుతో సహా వేరే బోగీ ఎక్కించినప్పుడు బయటపడింది. అప్పటి నుంచి ఆయన ఏం చూశానన్నా ఇంకొకరు వచ్చి చూసి సరే అనాలి. పాలు పొంగాయా, గేటు వేసి ఉందా, వచ్చినవాళ్లెవరు, అన్నీ అంతే. ఎవరూ తిట్టరు. మీకు కనిపించదు కదా, ఉండండి అంటారు, ఆ తర్వాత వాళ్లొచ్చి చూసుకుంటారు.

అది ఆయన్ని ఎంత కుంగదీసిందో తెలియాలంటే ఆయన చేసిన పని తెలియాలి. ఫర్నేసు కింది భాగంలో చుట్టూ వేడిగాలి ఊదే గొట్టాలుంటాయి. ఒక్కోదానికీ చిన్న గాజు కన్నం. షిఫ్టు ఎక్కగానే నీలం అద్దం కంటికి అడ్డం పెట్టుకుని, ఆ కన్నాలన్నిటిలోంచీ వరసగా లోపలికి చూసుకుంటూ రావాలి. కోక్ బొగ్గు ముక్కలు తెల్లగా మెరుస్తూ ఎగురుతుంటే అంతా సవ్యమే. నల్లటి ముద్దలు జారుతుంటే లోపల చల్లబడుతోందని అర్థం. మీటరు చెప్పకముందే సింహాచలం చెప్పేస్తాడని నాన్న మెచ్చుకునేవారు. ఆయన ఫోనెత్తి చల్లబడుతోంది అంటే కంట్రోల్ రూములో ఎవరూ నిజమేనా అని అడిగేవారు కాదు. ఒక మనిషి కంటిమీద అంత నమ్మకం ఉండేది.

అందుకని ఎవరూ చూడనిదాని కోసం వెతికి సెంటారస్ ఎ అనే గెలాక్సీని ఎంచుకున్నాను. మనకు కోటి కాంతి సంవత్సరాలకు పైనే దూరం. ఇది కటకాకార గెలాక్సీ, అంటే మసూరపప్పు గింజలా మధ్యలో ఉబ్బి అంచుల్లో పలచబడే రకం. దీన్ని దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో కలిపేవాళ్లూ ఉన్నారు, ఆ తగవు ఇంకా తెగలేదు. ఎప్పుడో ఇది మరో గెలాక్సీని మింగింది. దాని తాలూకు దుమ్మే ఇప్పుడు నడిమధ్య నల్ల పట్టీలా అడ్డంగా కనిపిస్తుంది. ఆ పట్టీ వెనక గర్భంలో ఒక పెద్ద కృష్ణబిలం ఉంది. అందులోకి పడే వాయువు పడేముందు వేడెక్కి భగ్గుమంటుంది, రెండువైపులా ధారలు చిమ్ముతుంది. చాలా గెలాక్సీల గర్భాలు చప్పగా నిద్రపోతుంటాయి, దీనిది మాత్రం మేలుకుని ఉంది. ఉత్తర భారతంలో ఇది నేలకు మరీ దగ్గరగా ఉంటుంది కానీ, మన భిలాయి నుంచి మే నెలాఖరున రాత్రి తొమ్మిదికి దక్షిణాన చెప్పుకోదగ్గ ఎత్తులోనే ఉంటుంది.

చిక్కల్లా వెలుగుతోనే. భిలాయి ఆకాశం ప్లాంటు వెలుగుకి ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. ఫర్నేసులోంచి తీసిన స్లాగు, అంటే కరిగిన చిట్టెం, పారబోసినప్పుడైతే మబ్బుల మీద కూడా ఎరుపు పాకుతుంది. దక్షిణాన ఉన్నదాన్ని చూడాలంటే ఊరికి దక్షిణంగానే వెళ్లాలి, అప్పుడు ఆ వెలుగంతా మన వీపు వెనక పడుతుంది. ఉత్తరానికి వెళ్తే దాని మీదుగా చూడాల్సి వస్తుంది. ఇది రెండేళ్ల కిందట నేను పప్పులో కాలేసి నేర్చుకున్న పాఠం.

మే చివరి వారంలో, అమావాస్యకి దగ్గరగా ఒక రోజు చూసుకున్నాం. ఇక్కడివాళ్లు నౌతపా అనే మండుటెండల తొమ్మిది రోజులు అవి. అదృష్టం కొద్దీ ముందురోజు సాయంత్రం గాలీవానా వచ్చి దుమ్ము అణిచింది. మాకు తెలిసిన ఖేమ్‌లాల్ భయ్యా కారు రాత్రి పదకొండు వరకూ పదిహేను వందలకి మాట్లాడుకున్నాం. ఐదున్నరకి టెలిస్కోపు పెట్టెనూ స్టాండునూ వెనక సీట్లో పడుకోబెట్టాం. పిన్ని గేటు దాకా వచ్చి నీళ్ల సీసా ఇచ్చి, నన్ను పక్కకి పిలిచింది. ఆయన ఏది చూశానన్నా సరేనని అనెయ్యమంది. "పాపం, సరదా పడతన్నారు. కనిపించకపోయినా కనిపించిందనే అంటారు, నీకు తెలీనిదేటి" అంది. సరే పిన్నీ అన్నాను. ఆ మాట ఆయనకి వినిపించిందో లేదో అప్పుడు నాకు తెలియదు.

రైల్వే లైను దాటి, రిసాలి మీదుగా ఉతై చేరేసరికి ఆరున్నర అయింది. ట్రాఫిక్ లేకపోతే ముప్పావుగంట దారి. ఉతై బజారులో చిన్న హోటల్ దగ్గర ఆగి చీలా తిన్నాం. బియ్యప్పిండితో పోసే అట్టు, టమాటా పచ్చడితో ఇస్తారు. ఇద్దరు తృప్తిగా తినడానికి వందలోపే అయింది. అట్లు పోస్తున్న ఆవిడ బాబాయి పళ్లెం పక్కకి చూసి తినడం గమనించి, ఆయన చేతికి అందేలా పచ్చడి గిన్నె జరిపింది, ఏమీ అడగలేదు. పెనం మీద పిండి నీరసంగా చుయ్యిమన్న చప్పుడు విని పెనం ఇంకా కాలలేదని బాబాయి హిందీలో అన్నారు. ఆవిడ వేలితో నీళ్లు చిలకరించి చూసి నవ్వింది. ఆ అట్టు నిజంగానే అంటుకుపోయింది.

ఉతై నుంచి ఇంకో పదిహేను కిలోమీటర్లు దక్షిణంగా వెళ్లాక, తారురోడ్డు వదిలి ఎర్రమట్టి దారిలో ఖేమ్‌లాల్ బావమరిది పొలానికి చేరాం. వరి కోసేసిన మడులు, మధ్యలో ఎత్తైన గట్టు. గట్టు మీద టెలిస్కోపు నిలబెడితే దక్షిణాన ఒక్క దీపం లేదు. ఉత్తరాన మాత్రం, ఇరవై అయిదు కిలోమీటర్లకు పైగా వచ్చినా, నేల అంచున ప్లాంటు ఎరుపు కనిపిస్తూనే ఉంది. బాబాయి అటు తిరిగి కాసేపు నిలబడ్డారు. మూడో నెంబరు ఫర్నేసులో లోహం తీస్తున్నట్టున్నారని అన్నారు. అక్కణ్ణించి అది ఎలా తెలుస్తుందని మనసులో అనుకున్నాను, పైకి మాత్రం అవును బాబాయ్ అన్నాను. ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెప్పి పేపర్లు దిద్దుతున్నదాన్ని. ఎవరేం చెప్పినా ముందు జవాబుల కీ ఎక్కడుందా అని చూడటం నాకు జబ్బులా పట్టుకుంది.

ఎనిమిదికి పూర్తిగా చీకటి పడింది. ఇలా వెళ్లేవాళ్లకి దారి చెబుతాను, కష్టం కాదు. దక్షిణానికి తిరిగి పైకి చూస్తే తెల్లగా మెరిసే చిత్త నక్షత్రం ఉంటుంది. తొమ్మిది గంటల వేళకి దాని నుంచి నిట్టనిలువుగా కిందికి రండి. నేలకీ చిత్తకీ మధ్య సగానికి కొంచెం కింద, మామూలు కంటికి ఖాళీగా కనిపించే చోట మన గెలాక్సీ ఉంది. ఇంకాస్త కిందికి వెళ్తే మసకగా నక్షత్రంలా కనిపించేది ఒక పెద్ద నక్షత్రాల గుంపు. ముందు దాన్ని పట్టుకుని అక్కణ్ణించి కొద్దిగా పైకి జరిగితే సులువు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కనీసం అరగంట ఏ దీపమూ చూడకూడదు. ఖేమ్‌లాల్ అడగకుండానే డాష్‌బోర్డు మీద తువ్వాలు కప్పి, కారులోనే పడుకున్నాడు.

తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు దొరికింది. గుండ్రంగా, పలచగా, అద్దం మీద ఊపిరి వదిలినట్టు ఒక తెల్లటి మరక. నల్ల పట్టీ కనిపిస్తుందేమోనని చాలాసేపు ప్రయత్నించాను. ఇంత మసకవాటిని సూటిగా చూస్తే మాయమైపోతాయి, కొంచెం పక్కకి చూస్తే తేలతాయి. మన కంటి నడిమధ్య భాగం పగటి పనికీ అక్షరాలకీ మంచిది, చీకట్లో పనిచేసేది దాని చుట్టూ ఉన్న భాగం. ఆ కిటుకు తెలిసి కూడా పట్టీ నాకు ఉందనిపించింది, లేదనిపించింది. తేలలేదు.

బాబాయిని పిలిచాను. ఆయన వంగి కన్ను ఆనించి, ఒక్క క్షణంలో తల వెనక్కి లాగేశారు. ఏమీ లేదన్నారు. మళ్లీ చూడమంటే మళ్లీ అంతే, అలా ఆనించి ఇలా లాగేశారు. మూడోసారికి నాకర్థమైంది. ఫర్నేసు కన్నం దగ్గర ఒక్క క్షణం కంటే ఎక్కువ ఆగకూడదు, ఆగితే కన్ను పోతుంది. చూసింది ఏదైనా ఆ ఒక్క క్షణంలోనే చదువుకుని పక్కకి తప్పుకోవాలి. అన్నేళ్లు ఒళ్లు నేర్చుకున్న పద్ధతి అది, ఎదురుగా కోటి కాంతి సంవత్సరాల అవతలి వెలుగున్నా ఆగదు. ఇది కాల్చదు బాబాయ్, ఎంతసేపైనా ఉండొచ్చు అని చెప్పాను. సూటిగా కాకుండా కొంచెం పక్కకి చూడమన్నాను.

"నాకు ఇంకో చూపు ఎక్కడుందమ్మా" అన్నారు. "రెండేళ్లై పక్కకే చూస్తన్నాను."

ఈసారి తల లాగలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ ఉండిపోయారు. అయిదు నిమిషాలు దాటాయి. దూరంగా ఎక్కడో కుక్క మొరిగింది. నేను కాలు మార్చుకున్నాను, ఆయన కదల్లేదు. లోపల ఏం మండుతోందని అడిగారు. కృష్ణబిలంలోకి పడే వాయువు గురించి చెప్పాను. పైనించి పడేదే వెలుగిస్తుందన్న మాట, మా ఫర్నేసులోనూ అంతేనని అన్నారు. కాసేపాగి, చాలా మామూలుగా, షిఫ్టు రిపోర్టు ఇచ్చినట్టు చెప్పారు.

"మధ్యలో నల్లగా ఒక పట్టీ ఉన్నాది. అడ్డంగా కాదు, ఏటవాలుగా. ఎడమపక్క పైనించి కుడిపక్క కిందికి." లేచి నిలబడి, చుక్కల ఆకాశానికి అడ్డంగా ముంజేతిని పెట్టి ఆ వాలు చూపించారు.

నేను ఊరుకోవాల్సింది. ఎప్పుడూ లేనిది ఆ ఒక్కసారైనా ఊరుకోవాల్సింది. కానీ నా చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. ఆయనకి వీపు తిప్పి, ఫోను తెరిచి, ముందే దించుకున్న ఫోటో చూశాను. ఫోటోలో పట్టీ ఉంది, ఏటవాలుగానే ఉంది. కానీ కుడిపక్క పైనించి ఎడమపక్క కిందికి ఉంది. సరిగ్గా తిరగేసి చెప్పారు. పట్టీ ఉంటుందని మాటల్లో నేనే చెప్పి ఉంటాను, వాలు ఆయన కల్పించుకున్నారు అనుకున్నాను. పిన్ని చెప్పినట్టే అయింది. ఫోను మూసి, "బాగా చూశారు బాబాయ్" అన్నాను.

ఆయన టెలిస్కోపు స్టాండు తడుముకుంటూ గట్టు మీద రెండడుగులు అవతలికి వెళ్లారు. "ఆ గొంతు నాకు తెలుసమ్మా" అన్నారు. "ఇంట్లో అందరిదీ అదే గొంతు. గేటు దగ్గర మీ పిన్ని నీకేటి చెప్పినాదో కూడా విన్నాను. కళ్లు పోనాయి గానీ చెవులు ఉన్నాయి కదా." కోపంగా అనలేదు. గట్టు మీద కూర్చుని ఉత్తరానికి, ఆ ఎరుపు వైపు తిరిగారు. నాకు ఏడుపొచ్చింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకాన్నని ఇంట్లో అందరూ నన్ను అంటారు. ఆ రాత్రి ఆ కుందేలు నా చేతిలో ఫోను.

చేసేదేమీ లేక కన్ను ఆనించే కటకం సరిచేద్దామని టెలిస్కోపు మీద చెయ్యి వేశాను. మెడ నొప్పి పుట్టకుండా వంగి చూడటానికి గొట్టం చివర ఒక వంపు ముక్క ఉంటుంది. అందులో అద్దం ఉంటుంది. నా వేళ్లు దాని మీద పడ్డాయి, అక్కడే ఆగిపోయాయి. ఒక్క అద్దం కుడిని ఎడమ చేస్తుంది. పైది పైనే ఉంటుంది, కిందది కిందే ఉంటుంది, కుడి ఎడమలు మాత్రం తారుమారవుతాయి. తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా నేనే బోర్డు మీద గీసి చెప్పే పాఠం. ఫోటోలో కుడి పైనుంచి ఎడమ కిందికి ఉన్న పట్టీ ఈ గొట్టంలో ఎడమ పైనుంచి కుడి కిందికే కనిపించాలి. వేరేలా కనిపించడానికి వీల్లేదు. ఊహించి చెప్పినవాళ్లు, ఫోటో తొంగిచూసినవాళ్లు ఆ వాలు చెప్పలేరు. ఈ గొట్టంలో తన కంటితో చూసినవాళ్లే చెప్పగలరు.

గట్టు మీద ఆయన పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఫోను చూసిన సంగతీ, ఏమనుకున్నానో ఆ సంగతీ దాచలేదు. తప్పు నాది బాబాయ్, మీరు చూశారు అన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు, మళ్లీ భుజాన వేసుకున్నారు.

"నువ్వు చూసినావా?" అని అడిగారు.

మళ్లీ వెళ్లి కన్ను ఆనించాను. ఏమీ లేదు. తెల్లటి మరక కూడా లేదు. ఫోను వెలుగు పడగానే అరగంట కూడబెట్టుకున్న చూపంతా పోయింది. మళ్లీ అరగంట చీకట్లో కూర్చున్నాను. అంతలో దక్షిణాన పలచటి మేఘం పాకి, గెలాక్సీ ఉన్న చోటంతా కప్పేసింది. పదింపావుకి మూటాముల్లె సర్దుకున్నాం. కారెక్కుతూ, పట్టీ నేను చూడలేదు బాబాయ్ అని చెప్పాను. ఆయన సరేనమ్మా అన్నారు. నా మాట విన్నారు, నమ్మారు, ఇంకొక ప్రశ్న అడగలేదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోను చేసింది. "మీ బాబాయి ఏటో నల్ల పట్టీ చూసీసినానంటన్నారు, నిజమేనా?" అని అడిగింది. ఆయన చూశారు పిన్నీ, నేను చూడలేదు అన్నాను. తర్వాత పిన్ని ఫోను పక్కకి పెట్టి ఆయన్ని ఏదో అడగడం వినిపించింది. మాటలు అందలేదు గానీ, ఆయన ఆగి ఆగి జవాబు చెబుతున్నారు, పిన్ని మధ్యలో అడ్డు రాకుండా వింటోంది.

ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది. చూపు తగ్గిన మనిషికి నేనేదో చూపిస్తున్నానని బయల్దేరాను. మన కంటి నడుమ భాగం ఆ మసక వెలుగుకి ఎలాగూ పనికిరాదు, ఆయన పోగొట్టుకున్నదీ అదే. మిగిలిన చూపుతో బతకడం ఆయన రెండేళ్లుగా ఎవరి మెప్పూ లేకుండా నేర్చుకుంటున్నారు. కోటి సంవత్సరాలకు పైగా నడిచి వచ్చిన వెలుగు ఆ రాత్రి ఆ పొలంలో ఇద్దరం ఉండగా ఒక్కరికే తన ఆకారం చూపించింది. రెండోవాళ్లకి కనిపించకపోవడానికి మబ్బు ఒక్కటే కారణం కాదు.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. ఫోను కారులోనే వదిలి గట్టెక్కండి. మీతో వచ్చినవాళ్లు కన్ను ఎత్తగానే నిజంగా కనిపించిందా అని అడక్కండి, ఏం కనిపించిందో చెప్పమనండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా చీకట్లోనే ఉండండి.